ఊఫర్‌కు డిక్కీలో ఎన్ని లీటర్లు?

బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మీదుగా జయపురం దాకా ఒడిశా సరిహద్దు పట్టణాల్లో ఉండే తెలుగు కుటుంబాల కార్లలో డిక్కీ ఖాళీగా ఉండే రోజులు తక్కువ. పట్టుచీరల మూటలు, పెళ్లి సారె, పండగకు ఊరెళ్తే తిరుగు ప్రయాణంలో ఎక్కే బియ్యం బస్తా, విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లేటప్పుడు తప్పనిసరయ్యే పరుపు, ఫ్లాస్కు, బట్టల సంచులు అన్నీ అందులోకే వెళ్లాలి. కంపెనీ లెక్కల ప్రకారం ఆల్టో 800 డిక్కీ 177 లీటర్లు, స్విఫ్ట్ డిక్కీ దాదాపు 265, వ్యాగన్ఆర్ డిక్కీ 341. ఇంత చోటులోనే పాటకు కాస్త బరువైన బాస్, అంటే డప్పు దెబ్బ లాంటి కింది స్వరాల మోత కూడా కావాలనుకున్నప్పుడు, చేతిలో ఉన్న డబ్బు కూడా అంతంత మాత్రమే అయినప్పుడు, లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నది అసలు చిక్కు.

సాధారణంగా అది రెండు ప్రశ్నలతో మొదలవుతుంది: బాస్ పలికే స్పీకర్, అంటే ఊఫర్, ఎన్ని అంగుళాలది, ఎన్ని వాట్లు. దుకాణంలో అడిగేదీ ఇదే, కొనేవారు చెప్పుకునేదీ ఇదే. ఈ రెండూ తర్వాత రావలసిన ప్రశ్నలు. మొదట తేలవలసింది, డిక్కీలో ఎన్ని లీటర్ల చోటును శాశ్వతంగా వదులుకోవడానికి ఇంట్లో అందరూ ఒప్పుకుంటారన్నది. ఆ సంఖ్య తేలితే స్పీకర్ సైజు, దానికి పవర్ ఇచ్చే యాంప్లిఫయర్, దాన్ని బిగించే పెట్టె రకం దాదాపు వాటంతటవే తేలిపోతాయి. అది తేలకుండా కొన్న పన్నెండు అంగుళాల ఊఫర్ ఆరు నెలల్లో ఇంటి అటక ఎక్కుతుంది.

పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత పక్షుల విషయంలో నిజమే కావచ్చు కానీ బాస్ విషయంలో భౌతికశాస్త్రం దాన్ని ఒప్పుకోదు. స్పీకర్ల లోకంలో హోఫ్‌మన్ ఉక్కు సూత్రం అని ఒకటుంది. 1957లో అమెరికాలో మొదలైన కేఎల్‌హెచ్ స్పీకర్ల కంపెనీ పేరులోని చివరి అక్షరం ఈ హోఫ్‌మన్‌దే. చిన్న పెట్టె, బాగా కిందికి దిగే స్వరం, తక్కువ పవర్‌తోనే పెద్ద మోత అనే మూడింటిలో ఏ రెండింటినైనా ఎంచుకోవచ్చు గాని మూడూ ఒకేసారి దక్కవన్నది ఆ సూత్రం సారం. డిక్కీ ఇరుకైనవారికి చిన్న పెట్టె అన్నది ముందే ఖాయమైపోయింది కాబట్టి మిగిలిన రెండింటిలో ఒకదాన్ని వదులుకోవాలి. కింది స్వరం కావాలంటే పవర్ ఎక్కువ పొయ్యాలి. పవర్ పొయ్యలేకపోతే కింది స్వరం మీద ఆశ తగ్గించుకోవాలి. 1954లో ఎడ్గర్ విల్‌చుర్ గాలి చొరబడని చిన్న పెట్టెలో లోతైన బాస్ పలికించే స్పీకర్‌ను అమ్మకానికి తెచ్చినప్పుడు చేసిన బేరం కూడా ఇదే: పెట్టె చిన్నదైంది, దాని బదులు యాంప్లిఫయర్ ఎక్కువ కష్టపడింది. ఆ రోజుల్లో వాట్లు ఖరీదు. ఇప్పుడు కరెంటును వేడిగా పెద్దగా వృథా చెయ్యని క్లాస్-డి రకం యాంప్లిఫయర్ల వల్ల వాట్లు చవకయ్యాయి గనుక ఇరుకు డిక్కీవారికి ఈ బేరం అప్పటికంటే ఇప్పుడే గిట్టుబాటు.

కారు స్వయంగా చేసే సాయం కూడా ఒకటుంది. 40 హెర్ట్జ్, అంటే సెకనుకు 40 సార్లు ఊగే స్వరపు తరంగం పొడవు సుమారు 8.6 మీటర్లు. రెండున్నర మీటర్ల పొడవున్న కారు లోపలి భాగంలో ఆ తరంగం పట్టనే పట్టదు. తరంగంలో సగం పొడవు కారు పొడవుకు సరిపోయే స్వరం, అంటే దాదాపు 70 హెర్ట్జ్ దగ్గర నుంచి కిందికి దిగేకొద్దీ స్పీకర్ తరంగాన్ని పంపడం మాని లోపలి గాలి మొత్తాన్ని ఒక్కసారిగా నొక్కి వదలడం మొదలుపెడుతుంది. అందువల్ల కింది స్వరాలు ఇంటి హాల్లో కంటే కారులో గట్టిగా వినిపిస్తాయి. ఈ పెరుగుదల లెక్క ప్రకారం స్వరం సగానికి దిగిన ప్రతిసారీ 12 డెసిబెల్స్ (మోతను కొలిచే కొలత) దాకా ఉండవచ్చు. డోర్ల సందులు, పల్చటి రేకు, దించిన అద్దాల వల్ల నిజంగా దక్కేది అంతకంటే తక్కువ. గాలి చొరబడని పెట్టెలో స్పీకర్ స్వరం కిందికి దిగేకొద్దీ తగ్గిపోయేది కూడా సరిగ్గా ఆ 12 డెసిబెల్స్ చొప్పునే. ఒకటి తగ్గిస్తుంటే ఒకటి పెంచుతుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో మూసిన పెట్టె పెట్టినవారు అంత చిన్న డబ్బాలోంచి ఇంత బాసా అని ఆశ్చర్యపోవడానికి సగం కారణం కారే.

అలాగని పెట్టెను ఎంత చిన్నదిగా చేసినా చెల్లుతుందనుకోవడం పొరపాటు. మంచి స్పీకర్‌తో వచ్చే కాగితంలో మూడు విలువలుంటాయి. వీటిని ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, ఆ తర్వాత రిచర్డ్ స్మాల్ లెక్కకు తెచ్చారు కాబట్టి థీల్-స్మాల్ విలువలంటారు. ఒకటి స్పీకర్ సహజంగా ఊగే స్వరం, రెండోది ఆ ఊపును అది ఎంత త్వరగా ఆపుకోగలదో చెప్పే క్యూ విలువ, మూడోది దాని అంచు బిగువుకు సమానమైన బిగువునిచ్చే గాలి ఎన్ని లీటర్లన్నది. ఒక పది అంగుళాల ఊఫర్‌కు ఈ విలువలు వరుసగా 30 హెర్ట్జ్, 0.5, 30 లీటర్లు అనుకుందాం. దాన్ని 30 లీటర్ల మూసిన పెట్టెలో పెడితే మొత్తం క్యూ విలువ 0.7 దగ్గర నిలుస్తుంది. స్వరం ఎక్కడా ఉబ్బకుండా 42 హెర్ట్జ్ దాకా సమంగా దిగి అక్కడి నుంచి తగ్గుతుంది. ఇంతకంటే కోరుకోదగ్గది లేదు.

అదే స్పీకర్‌ను 15 లీటర్ల పెట్టెలో పెడితే ఏమవుతుంది? క్యూ విలువ 0.87కు చేరుతుంది, మధ్యలో అర డెసిబెల్ ఉబ్బు వస్తుంది, అది చెవికి తెలియదు. కానీ బాగా కింది స్వరాలు మూడున్నర డెసిబెల్స్ దాకా పలచబడతాయి. వాటిని మళ్లీ మునుపటి గట్టితనానికి తేవాలంటే రెండింతలకు పైగా పవర్ కావాలి. ఇది భరించదగ్గ నష్టం. ఇంకా సగం చేసి ఏడున్నర లీటర్లకు కుదిస్తే మాత్రం కథ మారిపోతుంది. క్యూ విలువ 1.1 దాటుతుంది, 85 హెర్ట్జ్ చుట్టూ రెండు డెసిబెల్స్ గుట్ట లేస్తుంది, దాని కింద ఉండవలసిన బాస్ ఎనిమిది డెసిబెల్స్ పడిపోతుంది. పాట ఏదైనా, అందులో డప్పున్నా బేస్ గిటార్ ఉన్నా, ఒకే చోట డబడబమని ఒకే మోత వినిపించే కార్లు రోడ్డు మీద తరచుగా ఎదురవుతాయి కదా, వాటిలో చాలావాటి రోగం ఇదే. స్పీకర్‌ది తప్పు కాదు, యాంప్లిఫయర్‌ది కాదు. పెట్టె చాలలేదు.

కొత్తగా కొనేవారికంటే ఇప్పటికే ఒక ఊఫర్ ఉండి దాన్ని మెరుగుపరచాలనుకునేవారికి ఈ లెక్క ఇంకా ముఖ్యం. రెడీమేడ్ పెట్టెతో వచ్చిన పది అంగుళాల ఊఫర్‌ను తీసి, అదే పెట్టెకు కంత పెద్దది చేసి పన్నెండు అంగుళాలది బిగించడం ఎక్కువమంది చేసే పని. కోన్, అంటే స్పీకర్ ముందు ఊగే గరాటు, వైశాల్యం సుమారు 340 చదరపు సెంటీమీటర్ల నుంచి 490కి పెరుగుతుంది, అంటే అదే పెట్టెలోని గాలి మీద అంత పెద్ద పిస్టన్ నొక్కుతుంది, గాలి మరింత బిగుసుకుంటుంది, పైన చెప్పిన గుట్ట మరింత ఎత్తు లేస్తుంది. దీనికి ఎదురు దారిలో వెళ్లడమే తెలివైన పని. ఉన్న పది అంగుళాల స్పీకర్ ఆరోగ్యంగా ఉంటే దాన్ని ఉంచి, పల్చటి పార్టికల్ బోర్డు పెట్టెను తీసేసి సరైన కొలతల్లో కొత్త పెట్టె చేయించడం. తక్కువ ఖర్చులో ఎక్కువ తేడా తెచ్చే మార్పు ఇదొక్కటే. అయితే ఇందులో చూపించుకోవడానికి కొత్త వస్తువేదీ ఉండదు, అందుకే దీన్ని ఎవరూ అమ్మరు.

పెట్టె చేయించే ముందు డిక్కీ కొలత. టేపు పట్టుకుని నేల పొడవు, వెడల్పు చూసి సరిపెడితే కుదరదు. వెనక సీటు వీపు పైకి పోయేకొద్దీ వెనక్కి వాలుతుంది, డిక్కీ తలుపు లోపలి వైపు ఉబ్బి ఉంటుంది, చక్రాల గూళ్లు రెండు పక్కల నుంచి చొచ్చుకొస్తాయి. అందువల్ల అట్టపెట్టెలను కోసి అంటించి, అనుకున్న కొలతలో ఒక ఉత్తుత్తి పెట్టెను డిక్కీలో పెట్టి తలుపు మూసి చూడటం ఉత్తమం. దాన్ని అలాగే ఒక వారం ఉంచి, సంతకు, బడికి, బంధువుల ఇంటికి మామూలుగా తిరిగి రావాలి. సూట్‌కేసు ఎక్కడా పట్టలేదన్న మాట ఇంట్లో వినిపిస్తే ఆ మాట అట్టపెట్టె దగ్గరే వినిపించడం మంచిది, ప్లైవుడ్ కోశాక కాదు.

స్టెప్నీ గుంతలో ఫైబర్‌గ్లాస్ పెట్టె పోయించుకుంటే డిక్కీ నేల ఖాళీగా ఉంటుందని చెప్పేవారున్నారు. మాట నిజమే, పని కూడా అందంగా ఉంటుంది. టైరు గాలి ఒత్తిడిని చూపే వ్యవస్థ, పంక్చర్ కిట్ ఉన్న చిన్న వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధన మార్చిన మాట కూడా నిజమే. కానీ పంక్చర్ కిట్ మేకు గుచ్చుకున్న కంతను పూడుస్తుంది గాని రాయి కోసిన టైరు పక్కగోడను పూడ్చదు. కొరాపుట్ నుంచి సాలూరు దిగే ఘాట్ రోడ్డులో గాని, గుణుపురం దాటాక అడవి దారుల్లో గాని రాత్రిపూట టైరు చీలితే బాస్ ఎంత బాగుందన్నది ఎవరికీ గుర్తురాదు. ఈ జిల్లాల్లో తిరిగే కారుకు స్టెప్నీ ఉండాలి, పెట్టె దాని మూతకు అడ్డం రాకూడదు, వస్తే ఒక్కరే ఎత్తి పక్కన పెట్టగలిగేంత బరువుండాలి.

వడ్రంగి పనిలో ఈ ప్రాంతానికి నిజమైన సౌకర్యం ఉంది. స్పీకర్, యాంప్లిఫయర్ ఎక్కడి నుంచైనా తెప్పించుకోవచ్చు. పెట్టె బరువైన వస్తువు, దాన్ని దూరం నుంచి తెప్పిస్తే రవాణా ఖర్చు పెరుగుతుంది, కారు కొలతకు సరిగ్గా ఉండదు. ఊళ్లో తలుపులు, మంచాలు చేసే వడ్రంగికి కాగితం మీద గీసి ఇస్తే అదే పెట్టె మరింత గట్టిగా వస్తుంది. బయటి కొలత 45, 36, 28 సెంటీమీటర్లు అనుకుంటే డిక్కీలో అది ఆక్రమించే చోటు 45 లీటర్లు. 18 మిల్లీమీటర్ల పలక మందం రెండు వైపులా తీసేస్తే లోపల మిగిలేది 32 లీటర్ల పైచిలుకు, స్పీకర్ అయస్కాంతం మింగే రెండు లీటర్లు పోతే 30. స్విఫ్ట్ డిక్కీలో ఇది ఆరో వంతు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న షీటులో మూడో వంతు కూడా ఖర్చు కాదు కాబట్టి ఇంకెవరి పనిలోనైనా మిగిలిన ముక్క దొరికితే డబ్బు మిగులుతుంది.

చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసే ఎం.డి.ఎఫ్. పలక ధ్వనికి మంచిదన్న పేరుంది. అది ఒకే సాంద్రతతో ఉంటుంది, మోగదు, కోత శుభ్రంగా వస్తుంది. అయితే తడి తగిలితే రొట్టెలా ఉబ్బుతుంది. బరంపురం, గోపాలపురం వైపు సముద్రపు తేమ, తుఫాను రోజుల్లో తడిసిన గొడుగులు, చెప్పులు డిక్కీలోనే పడేసే అలవాటు కలిస్తే ఎం.డి.ఎఫ్. అంచులు రెండు వానాకాలాల్లో విచ్చుకుంటాయి. కాస్త ఎక్కువ పెట్టగలిగితే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోవడం మేలు, ఎం.డి.ఎఫ్. అయితే లోపలా బయటా, ముఖ్యంగా కోసిన అంచులకు, వార్నిష్ గాని ఫెవికాల్ నీళ్లు గాని పట్టించాలి.

పెట్టె గాలి కారకుండా ఉండటం మూసిన పెట్టెకు ప్రాణం. జిగురు ఆరాక, స్పీకర్ బిగించాక, వడ్రంగి కొట్టులోనే ఒక అగరబత్తి వెలిగించి పరీక్షించవచ్చు. ఒకరు అరచేతులతో కోన్‌ను సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదులుతుంటే ఇంకొకరు అగరబత్తి పొగను ప్రతి అతుకు వెంట, వైర్లు బయటికొచ్చే ప్లేటు చుట్టూ, స్పీకర్ అంచు చుట్టూ నిదానంగా నడిపించాలి. పొగ నిటారుగా లేస్తున్నంత సేపు భయం లేదు. ఎక్కడైనా ఒక్కసారి పక్కకు వణికి మళ్లీ లోపలికి లాక్కున్నట్టు కనిపిస్తే అక్కడ సిలికాన్ పెట్టాలి. నొక్కిన కోన్ వదలగానే టక్కున తిరిగి రాకుండా బద్ధకంగా లేవడం పెట్టె బిగువుగా ఉందనడానికి గుర్తు. ఆఖరున దిండ్లలో కూరే రెక్రాన్ దూదిని విడదీసి వదులుగా నింపితే స్పీకర్‌కు పెట్టె పది పదిహేను శాతం పెద్దదైనట్టు అనిపిస్తుంది. సిద్ధాంతం 40 శాతం దాకా చెబుతుంది గాని వాస్తవంలో అంత రాదు. లీటర్లు దొరకని చోట ఒక దిండు ఖర్చుతో మూడు నాలుగు లీటర్లు కలిసివస్తే కాదనడం దేనికి?

లోపలి గాలి రాకపోకలకు గొట్టం పెట్టిన పెట్టె సంగతి ఇక్కడ క్లుప్తంగా చాలు. అదే పవర్‌తో గొట్టం స్వరం, అంటే గొట్టంలోని గాలి సహజంగా ఊగే స్వరం దగ్గర మూడు డెసిబెల్స్ దాకా ఎక్కువ పలుకుతుంది, కానీ పెట్టె మూసినదానికి ఒకటిన్నర నుంచి రెండింతలు కావాలి. గొట్టం స్వరం కంటే కిందికి వెళ్తే స్పీకర్‌కు గాలి ఆసరా పోయి కోన్ అదుపు తప్పి ఊగుతుంది. లీటర్లు లేనివారికి ఇది దారి కాదు.

లీటర్లు అసలే ఇవ్వలేనివారి మాట వేరు. ఆల్టో వంటి కారు ఉన్నవారికి, సీఎన్‌జీ సిలిండర్ వల్ల డిక్కీ ముందే పోయినవారికి, సీటు కింద పట్టే యాంప్లిఫయర్‌తో కలిసిన పల్చటి ఊఫర్ ఒక్కటే మార్గం. వీటిలో ఎనిమిది అంగుళాల స్పీకర్ ఉంటుంది, ఎత్తు ఏడు సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, ఫిట్టింగ్ ఒక పూట పని. ఇవి పెద్ద ఊఫర్‌కు బదులు కావు. కోన్ వైశాల్యం పది అంగుళాలదానిలో మూడింట రెండు వంతుల లోపే, కోన్ ముందుకూ వెనక్కూ కదిలే దూరం ఇంకా తక్కువ. స్వరం సగానికి దిగినప్పుడు అదే మోతకు నాలుగింతల గాలి కదపాలి కాబట్టి 40 హెర్ట్జ్ దగ్గర ఇవి చేతులెత్తేస్తాయి. బేస్ గిటార్ అడుగు తీగ స్వరం సరిగ్గా అక్కడే, 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అయితే డోలు దెబ్బకు, డ్రమ్ము కిక్కుకు బరువునిచ్చే భాగం 50 నుంచి 80 హెర్ట్జ్ మధ్య ఉంటుంది గనుక సినిమా పాటలు, భక్తి పాటలు వినే కుటుంబానికి ఇవి నిరాశ కలిగించవు. కొనేముందు సీటును పూర్తిగా ముందుకూ పూర్తిగా వెనక్కూ జరిపి కింద ఎత్తు కొలవాలి. ఏసీ గాలి గొట్టం అక్కడే ఉంటే దాన్ని మూసెయ్యకూడదు. డిక్కీలో కొద్దిగా చోటున్నవారికి మధ్యేమార్గంగా అయస్కాంతం పల్చగా ఉండే పది అంగుళాల స్పీకర్లు ఉన్నాయి. ఇవి ఎనిమిది సెంటీమీటర్ల లోతులో ఇముడుతాయి కాబట్టి సీటు వీపు వెంట సన్నటి పెట్టె నిలబెట్టవచ్చు. మామూలు స్పీకర్ కంటే ధర ఎక్కువ, దక్కే మోత తక్కువ. ఆ తేడా సొమ్మంతా చోటుకు కట్టే అద్దె.

వాట్ల దగ్గర మోసపోవడం చాలా తేలిక. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఒక్క క్షణం పలకగల గరిష్ఠం, మనకు కావలసింది నిలకడగా ఇచ్చే ఆర్.ఎం.ఎస్. విలువ. పేరున్న కంపెనీలు రెండూ రాస్తాయి: సీటు కింద పెట్టే సోనీ ఎక్స్‌ఎస్-ఏడబ్ల్యూ8 గరిష్ఠం 160 వాట్లు, ఆర్.ఎం.ఎస్. 75 వాట్లు. పేరు తెలియని యాంప్లిఫయర్ మీద 1500 వాట్లని ఉన్నప్పుడు దాని పక్కనున్న ఫ్యూజు చూడాలి. ఫ్యూజు అబద్ధమాడదు. 30 ఆంపియర్ల ఫ్యూజును ఇంజిన్ నడుస్తున్నప్పుడుండే 13.8 వోల్టులతో గుణిస్తే 414 వాట్లు, క్లాస్-డి యాంప్లిఫయర్ అందులో 80 శాతాన్ని ధ్వనికి ఇచ్చినా 330 వాట్ల దగ్గర ఆగాలి. మిగిలిన 1170 వాట్లు అట్టపెట్టె మీదే ఉండిపోతాయి. పైగా పవర్ రెండింతలైతే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే; చెవికి మోత రెండింతలైనట్టు అనిపించాలంటే పదింతల పవర్ కావాలి. కాబట్టి 250, 300 వాట్ల మధ్య ఏది కొనాలని తలపట్టుకోవడం అనవసరం.

ఆ పవర్ వచ్చే దారి వైరు. చిన్న పెట్రోల్ కార్లలో బ్యాటరీ తరచుగా 35 ఆంపియర్ అవర్లది, అది ముందు బానెట్ కింద, యాంప్లిఫయర్ వెనక డిక్కీలో, మధ్య వైరు ఐదు మీటర్లు. నిఖార్సైన రాగి ఎనిమిదో గేజు వైరులో 30 ఆంపియర్లు పారితే దారిలో సుమారు 0.3 వోల్టు పోతుంది. చవక కిట్లలో వచ్చేది రాగి పూత పూసిన అల్యూమినియం. చాకుతో గీరితే లోపల వెండిలా మెరుస్తుంది. దానిలో నష్టం అర వోల్టు దాకా పెరుగుతుంది, తేమకు కొసలు తుప్పు పడతాయి. డబ్బు లేకపోతే దాన్నే నాలుగో గేజులో (గేజు సంఖ్య తగ్గేకొద్దీ వైరు లావు) తీసుకోవచ్చు, ఎనిమిదిలో మాత్రం వద్దు. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఫ్యూజు లేకుండా ఆ వైరును బాడీ రేకు కంతలోంచి లాగడం కారుకు నిప్పు పెట్టుకునే ఏర్పాటు. ఇందులో బేరం లేదు. ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, రంగు గీరి రేకు మెరిసే చోట బిగించాలి. ఇంజిన్ వేగంతో పాటు ఊఫర్‌లో ఈల వినిపిస్తే తొంభై పాళ్లు తప్పు ఆ ఎర్త్ దగ్గర గాని, పవర్ వైరు, పాట వైరు ఒకే పక్కన కలిపి లాగిన చోట గాని ఉంటుంది. గోపాలపురం ఒడ్డున ఇంజిన్ ఆపి పాటలు పెట్టుకునేవారు సగటున పది ఆంపియర్లు లాగినా గంటా ముప్పావులో 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగానికి వస్తుంది. పాత బ్యాటరీ అయితే అంతకు ముందే స్టార్టర్ మొరాయిస్తుంది.

చేతిలో 15,000 రూపాయలున్నాయనుకుంటే పంపకం ఎలా ఉండాలి? మామూలుగా పదివేలు స్పీకర్‌కు, మిగిలింది యాంప్లిఫయర్‌కు పెట్టి, వైరు, పెట్టె దుకాణంవాడి దయకు వదిలేస్తారు. స్పీకర్‌కు మూడో వంతు దాటకుండా, యాంప్లిఫయర్‌కు మరో మూడో వంతు, చివరి మూడో వంతును పెట్టె, వైరు, ఫ్యూజు, రేకు వణకకుండా డోర్లకు అంటించే బ్యూటైల్ షీట్ల మధ్య పంచితే అదే మొత్తానికి వినికిడి మెరుగ్గా ఉంటుంది. స్పీకర్ కొనేటప్పుడు ఓములు (కరెంటుకు అది చెప్పే అడ్డు) యాంప్లిఫయర్‌తో కలవాలి: ఒక్కొక్కటి నాలుగు ఓములుండే రెండు కాయిళ్ల స్పీకర్‌ను పక్కపక్కన కలిపితే రెండు ఓములు, వరసగా కలిపితే ఎనిమిది. రెండు ఓములకు తట్టుకోలేని యాంప్లిఫయర్‌కు అలా కలిపి ఇస్తే వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతుంది. కంపెనీ స్టీరియోకు ఊఫర్ పిన్ను లేకపోయినా మార్చనవసరం లేదు. స్పీకర్ వైరు నుంచే పాటను తీసుకునే యాంప్లిఫయర్లు ఉన్నాయి.

అమరిక దగ్గర దుకాణాలు ఐదు నిమిషాలే వెచ్చిస్తాయి, నిజానికి సగం ఫలితం అక్కడే ఉంది. 80 హెర్ట్జ్ పై స్వరాలు ఊఫర్‌కు వెళ్లకుండా కోసి, స్టీరియోలో వీలుంటే డోర్ స్పీకర్లకు ఆ కింది స్వరాలు వెళ్లకుండా ఆపాలి. ఊఫర్ ఊపును డోర్ స్పీకర్ల ఊపుతో కలిపే ఫేజు మీటను రెండు వైపులా మార్చి, డ్రైవర్ సీట్లో కూర్చుని ఎటు బాస్ నిండుగా ఉందో అటు వదిలెయ్యాలి. గెయిన్ అన్నది వాల్యూమ్ మీట కాదు, స్టీరియో ఇచ్చే వోల్టేజీకి యాంప్లిఫయర్‌ను సరిపెట్టే మీట. స్పీకర్ వైరు విప్పి, బాస్ బూస్టు సున్నా చేసి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్టీరియోను ముప్పావు వంతు దాకా పెంచి, యాంప్లిఫయర్ కొసల మధ్య ఏసీ వోల్టేజీ చూడాలి. నాలుగు ఓములకు 200 వాట్లయితే 28 వోల్టుల దగ్గర, రెండు ఓములకు 300 వాట్లయితే 24.5 దగ్గర గెయిన్ ఆపెయ్యాలి. ఇంటి కరెంటు పనికి వాడే మామూలు మల్టీమీటర్ దీనికి చాలు.

పాట పెట్టగానే డిక్కీ వైపు నుంచి గరగర వినిపిస్తే స్పీకర్‌ను అనుమానించే ముందు వెనక నంబరు ప్లేటును వేలితో నొక్కి పట్టుకుని వినాలి. చాలాసార్లు దోషి అదే, దాని వెనక ఫోమ్ టేపు ముక్క అంటిస్తే పోతుంది. తర్వాత చూడవలసినవి పార్సిల్ ట్రే, జాకీ. అద్దాలు దించి ఊరి మధ్య మోగించుకునే సరదా ఉన్నవారికి ఒక మాట: రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ మీద 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ఆంక్షలున్నాయి, అద్దాలు దించితే కారు ఇచ్చే ఆ ఉచిత డెసిబెల్స్ కూడా బయటికే పోతాయి.

పదిహేను కిలోల పెట్టె సడన్ బ్రేకులో సీటు వీపు మీదికి దూకకుండా బెల్టు గాని బోల్టు గాని ఉండాలి. అదే సమయంలో పెళ్లి ప్రయాణం నాడు దాన్ని తీసి ఇంట్లో పెట్టగలగాలి. అందుకని నేలకు రెండు చేతితో తిప్పే నట్లు, స్పీకర్ వైరు మధ్యలో ఒక ప్లగ్గు పెట్టించుకుంటే రెండు నిమిషాల పని. పెట్టె తీసిన రోజున యాంప్లిఫయర్ వైపు మిగిలిన కొసలు ఒకదానికొకటి తగలకుండా ప్లగ్గులో ఆడభాగం అటువైపు ఉండేలా ఫిట్టర్‌కు ముందే చెప్పాలి.